ఆకులు సరే, పువ్వులేవీ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తీగల గురించే. అందులోనూ ఎక్కువ రాధామనోహరం గురించి. పక్కింటి గోడ మీద గుత్తులు వేలాడుతూ, మనింట్లో ఆకులు మాత్రమే ఉంటే ఎవరికైనా కడుపు మండుతుంది కదండీ. నేను కడియపులంకలో పుట్టి, పన్నెండో ఏట నుంచి నర్సరీ కవర్లలో మట్టి నింపుతూ అక్కడే ముసలిదాన్నయ్యాను. మొక్కల పేర్ల వెనక కథలేమైనా చెబితే అవి హార్టికల్చర్ చదివిన మా అబ్బాయి చెప్పినవి. మిగతావన్నీ నా చేతి తప్పుల్లోంచి నేర్చుకున్నవే.

ప్రశ్న: అమ్మా, మాది హైదరాబాద్ నిజాంపేటలో నాలుగో అంతస్తు. తూర్పు బాల్కనీలో పన్నెండంగుళాల కుండీలో రాధామనోహరం పెట్టి రెండున్నరేళ్లయింది. గ్రిల్ అంతా అల్లుకుంది, ఆకులు నిగనిగలాడుతున్నాయి, ఒక్క పువ్వు లేదు. వారానికోసారి 19-19-19 ఎరువు నీళ్లలో కలిపి పోస్తున్నాను. ఆవపిండి నీళ్లు, టీ పొడి, బియ్యం కడుగు సరేసరి. పై ఫ్లాట్ వాళ్ల గ్రిల్‌లోకి పాకితే గొడవవుతుందని ప్రతి ఆదివారం చివర్లు కత్తిరిస్తాను. అమలాపురంలో మా అత్తగారింట్లో ఎవరూ పట్టించుకోని తీగ మాత్రం విరగబూస్తుంది. "నీ చెయ్యి మంచిది కాదు" అంటున్నారావిడ. టెన్షన్‌గా ఉంది, ఏం చెయ్యను?

జవాబు: నీ చెయ్యి బాగానే ఉంది తల్లీ, లేకపోతే గ్రిల్ అంతా ఎలా అల్లుకుంటుంది? ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబు అందులో నువ్వే రాశావు. ప్రతి ఆదివారం చివర్లు కత్తిరిస్తున్నావు చూశావా, అక్కడుంది తంటా.

రాధామనోహరం ముదురు కొమ్మ మీద పూయదు. ఈ ఏడు కొత్తగా సాగిన కొమ్మ చివర, దానికి దగ్గరి ఆకుల మొదళ్లలో గుత్తి వేస్తుంది. పొడుగైందని నువ్వు తుంచేసే ఆ చివరే పువ్వు రావలసిన చోటు. వచ్చే ఆదివారం కత్తెర తీసే ముందు ఒక చివరను వేళ్ల మధ్య పట్టుకుని చూడు. ఉత్త ఆకు చివరైతే లేత ఆకులు జంటజంటగా, సన్నటి నూగుతో విప్పుకుంటూ ఉంటాయి. పూతకొచ్చిన చివరలో ఆ చిన్న ఆకుల మధ్య నుంచి సన్నటి ఆకుపచ్చ పుల్లలు అరడజనో డజనో బయటికొస్తాయి. ఒక్కో పుల్ల కొసన జొన్నగింజంత మొగ్గ. రోజు రోజుకీ అవి సాగి కిందికి వంగుతాయి. మొదటి నాలుగైదు రోజులు ఇదేదో పిచ్చి పెరుగుదల అనుకుని కోసేసేవాళ్లు చాలామంది. నువ్వూ కోసే ఉంటావు.

పై ఫ్లాట్ గొడవకు కత్తెర అక్కర్లేదు. పైకి పోయే కొమ్మను పట్టి, గ్రిల్ వెంబడి అడ్డంగా మళ్లించి, పాత చీర అంచుతో వదులుగా కట్టు. అడ్డంగా పడుకున్న కొమ్మకు ప్రతి కణుపు దగ్గరా పక్క కొమ్మలు లేస్తాయి. ఎన్ని చివర్లుంటే అన్ని గుత్తులు.

ఇక ఎరువు. 19-19-19లో నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉంటాయి. మంచి ఎరువే, వారం వారం పొయ్యడమే ఎక్కువ. పైగా ఆవపిండి అంటే మళ్లీ నత్రజనే. నత్రజని ఎక్కువైన తీగ ఆకులే వేస్తుంది. ఈ తప్పు నేనూ చేశాను. ఒక కల్యాణ మండపం వాళ్లు గేటు మీద కమానుకు రాధామనోహరం అల్లించమన్నారు. పెళ్లిళ్ల సీజన్‌కు పూలు కావాలన్నారు. త్వరగా అందుకోవాలన్న ఆశతో రెండు పాదుల్లోనూ యూరియా గుప్పెళ్లతో పోశాను. మాఘమాసానికి కమాను అడవిలా తయారైంది, చూడటానికి ఒక్క పువ్వు లేదు. ఆ పెళ్లిళ్లకు వాళ్లు ప్లాస్టిక్ పూలు తెచ్చి నా ఆకుల మధ్య గుచ్చారు. డబ్బులు తగ్గించి ఇచ్చినందుకు కాదు గానీ ఆ ప్లాస్టిక్ పూలు చూసినందుకు ఇప్పటికీ బాధే.

కాబట్టి రెండు నెలలు ఎరువులన్నీ ఆపెయ్. ఆ తర్వాత నెలకోసారి రెండు గుప్పెళ్లు చివికిన పశువుల ఎరువు, మూడు నెలలకోసారి గుప్పెడు బోన్‌మీల్ (ఎముకల పొడి) చాలు. బియ్యం కడుగు పోసుకో, దానివల్ల మేలూ లేదు, కీడూ లేదు.

పన్నెండంగుళాల కుండీ ఈ తీగకు చిన్నపిల్లాడి చొక్కా. నేలలో ఉంటే ఇరవై అడుగులు సునాయాసంగా ఎగబాకే రకం ఇది. ఇరవై అంగుళాల టబ్బు గానీ, సగానికి కోసిన డ్రమ్ము గానీ చూడు. ఎర్రమట్టి రెండు పాళ్లు, పశువుల ఎరువు ఒక పాలు, ఇసుకో కోకోపీటో (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు. అడుగున రంధ్రాలు తప్పనిసరి. మృగశిర వచ్చేసింది కాబట్టి మార్చడానికి ఇదే అదను. తడిసిన మట్టితో డ్రమ్ము బరువు తక్కువేం ఉండదు, బాల్కనీ అంచున కాకుండా గోడ వారగా పెట్టు.

ఎండ సంగతి మాత్రం నా చేతిలో లేదు. దీనికి రోజుకు ఐదారు గంటలు నేరుగా పడే ఎండ కావాలి. మీ తూర్పు బాల్కనీలో పదింటికల్లా ఎండ వెళ్లిపోతుంటే గుత్తులొస్తాయి గానీ అమలాపురం గుత్తులు రావు. అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకుంటే డాబా మీదికి చేర్చు.

అన్నట్టు, మీ అత్తగారిని ఒక మాట అడుగు. సంక్రాంతికి గోడలకు సున్నం వేయించేటప్పుడు ఆ తీగను ఏం చేస్తారని. తీగంతా నరికించి భోగి మంటలో వేసేస్తామని చెబుతారు, నాకు తెలుసు. కోనసీమలో సగం ఇళ్లలో అదే పద్ధతి. ఏడాదికొక్కసారి, చలికాలం చివర్లో, మోకాలెత్తు వదిలి నరికేస్తే ఎండలు ముదిరేసరికి కొత్త కొమ్మలు సాగి చివర్ల నిండా పూస్తుంది. ఆ నరుకుడు తర్వాత ఏడాదంతా వాళ్లు దాని జోలికి పోరు. వారానికోసారి చివర్లు తుంచడానికీ, ఏడాదికోసారి నరికి వదిలేయడానికీ ఉన్న తేడాయే నీ తీగకూ వాళ్ల తీగకూ ఉన్న తేడా. వచ్చే జనవరి వరకు నువ్వు కత్తెర దాచెయ్. ఎండిపోయినవి, వేలికంటే సన్నగా లోపల చిక్కుపడ్డవి మాత్రం తీసెయ్యవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ, ఎరుపు ఎందుకున్నాయి, అంటు కట్టారా అని అడుగుతోంది. మా తాతగారు యుద్ధానికి ముందు రంగూన్‌లో పని చేసి వచ్చారు, ఈ తీగ ఆయనే తెచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. నిజమై ఉంటుందా? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: అంటు కాదని పాపకు చెప్పండి. ఒకే పువ్వు మూడు రోజుల్లో మూడు చీరలు మారుస్తుంది. సాయంత్రం చీకటి పడేవేళ విచ్చుకున్నప్పుడు తెలుపు. మర్నాడు గులాబీ. ఆ మర్నాటికి ఎరుపు. గుత్తిలో పూలన్నీ ఒకేరోజు విచ్చుకోవు కాబట్టి మూడు రంగులూ కలిసి కనిపిస్తాయి.

పాపను ఒక పని చెయ్యమనండి. సాయంత్రం విచ్చుకుంటున్న పువ్వు కాడకు తెల్ల దారం ముడి వేసి, మూడు రోజులు పొద్దునా సాయంత్రం చూసి నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఆ పువ్వును పొడవుగా చీల్చి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. రేకుల కింద వేలెడు పొడవున్న సన్నటి గొట్టం, దాని అడుగున తేనె. అంత లోతుకు మామూలు తేనెటీగ నాలుక అందదు. రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కల పురుగులున్నాయి, పువ్వు ముందు గాల్లో నిలబడి పొడుగాటి గొట్టం లాంటి నోటితో తాగుతాయి. చీకట్లో వాటికి కనబడాలి కాబట్టి తెలుపు, దారి తెలియాలి కాబట్టి ఆ వాసన. పగటి రంగులకు సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు వస్తాయి. రాత్రి ఎనిమిది దాటాక లైటు ఆపి తీగ దగ్గర కదలకుండా కూర్చుంటే ఆ పురుగు కనిపిస్తుంది. రెక్కల చప్పుడు కూడా వినబడుతుంది.

రంగూన్ సంగతి. ఇంగ్లీషులో దీన్ని రంగూన్ క్రీపర్ అంటారు. అలాగని రంగూన్‌లో మాత్రమే పుట్టిందని కాదు, ఆసియాలోని వేడి దేశాల అడవుల్లో చాలాచోట్ల సహజంగా పెరుగుతుంది. కానీ మీ ఇంటి కథను కొట్టిపారెయ్యను. కాకినాడ, విశాఖ రేవుల నుంచి పడవెక్కి మనవాళ్లు వేలమంది బర్మా వెళ్లారు. మా దగ్గరున్న కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చినవాళ్లు తీగలు తెచ్చే స్థితిలో లేరు. మీ తాతగారు యుద్ధానికి ముందే ఓడలో వచ్చారంటున్నారు కాబట్టి గోనెసంచిలో ఒక పిలక రావడం ఏమంత కష్టం కాదు.

మా అబ్బాయి చెప్పిన ఇంకో ముచ్చట. దీని పాత శాస్త్రీయ నామం క్విస్‌క్వాలిస్ ఇండికా. ఆ లాటిన్ మాటకు "ఎవరు? ఎలాంటిది?" అని అర్థమట. పేరు పెట్టేటప్పుడు కూడా ప్రశ్నే మిగిలింది పాపం. ఇప్పుడు కాంబ్రెటమ్ ఇండికమ్ అని మార్చారు. మన రాధామనోహరం ముందు రెండూ దిగదుడుపే.

ప్రశ్న: మధుమాలతి అని ఆన్‌లైన్లో 250 రూపాయలు పెట్టి కొన్నాను. పూశాక చూస్తే రాధామనోహరం. మోసపోయానా? (వరంగల్)

జవాబు: లేదండీ. హిందీ వాళ్ల మధుమాలతి, మన రాధామనోహరం ఒకటే. మాధవీలత మాత్రం వేరు. దాని కాయకు మూడు రెక్కలుంటాయి. ధర విషయంలో నన్నేమీ అడక్కండి, నేను నర్సరీ మనిషిని.

ప్రశ్న: ఈ తీగ వాసనకు పాములొస్తాయని పక్కింటి పెద్దాయన రోజూ అంటున్నారు. కొట్టెయ్యమంటారా? (నరసరావుపేట)

జవాబు: పాముకు పువ్వు వాసనతో పనేముంది? దానికి ఎలకలు కావాలి, కప్పలు కావాలి, దాక్కోవడానికి చల్లటి చోటు కావాలి. నర్సరీలో నేను చూసిన పాములన్నీ పాత కవర్ల గుట్టల కింద, కొబ్బరి డొక్కల కింద, బోర్లించిన కుండీల్లో ఉన్నవే. మీ తీగ మొదట్లో ఇటుకలు, విరిగిన కుర్చీ, ఎండాకులు పేరుకుని ఉంటే మాత్రం పెద్దాయన మాటలో సగం నిజముంది. నేల నుంచి రెండడుగుల వరకు కొమ్మలన్నీ తీసేసి మొదలు కనబడేలా ఉంచండి. అడుగున రోజూ ఊడ్పించండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. తీగ ఆయన గోడ మీదికి ఎంత దూరం వెళ్లింది? పాము పేరు చెబుతున్నారు గానీ ఆయన బాధ రాలిన పూలూ ఆకులూ అయ్యుండొచ్చు. అటువైపు కొమ్మలు మీరే కోయించండి. కోసేవాళ్లకు మందం చేతి తొడుగులివ్వండి. ఈ తీగకు ఆకు రాలిపోయినా కాడ అడుగు ముక్క కొమ్మకే ఉండిపోతుంది. అది ఎండి, గట్టిపడి, కొక్కెంలా వంగిన ముల్లవుతుంది. తీగ పైకి ఎగబాకేది ఆ కొక్కేల సాయంతోనే. లాగితే అరచెయ్యి చీరుకుపోతుంది. చిన్నపిల్లలు పట్టుకుని ఊగే చోటైతే కంటి ఎత్తులో ఉన్న ముదురు కొమ్మల మీది కొక్కేలు కటింగ్ ప్లేయర్‌తో తీసెయ్యండి.

ప్రశ్న: డ్రిప్ పెట్టించిన దగ్గర్నుంచి మా కాగితంపూల తీగ పూత మానేసింది. అంతకుముందు ఎండలో నీళ్లు లేకున్నా పూసేది. (అనంతపురం)

జవాబు: అందుకే పూసేది. కాగితంపూలకు దాహం వేస్తేనే పూత. ఆ ఒక్క గొట్టం మూసెయ్యండి. ఆకులు కాస్త వడలి వేలాడాక ఒకసారి పాదు నిండా పెట్టి, మళ్లీ ఆపండి. మూడు నాలుగు విడతలు ఇలా చేస్తే రంగు కనబడుతుంది. ఆ రంగు రేకులు కూడా నిజానికి ఆకులే, మధ్యలో తెల్లగా కనిపించే చిన్న గొట్టం అసలు పువ్వు. ఈ వైద్యం రాధామనోహరానికి మాత్రం చెయ్యకండి. కుండీలో ఉన్నది వారం ఎండిందంటే మొగ్గలన్నీ రాల్చేస్తుంది.

ప్రశ్న: ఆంటీ, మేం టెక్సస్‌లో హ్యూస్టన్‌లో ఉంటాం. 2021 ఫిబ్రవరి మంచుకు మా రాధామనోహరం నల్లగా మాడిపోయింది. పీకేద్దామనుకుంటుంటే ఎండలు వచ్చాక కింద నుంచి పిలకలొచ్చాయి. చలి ముదిరినప్పుడల్లా ఇదే భయం. పైగా మాది రేక రకం, ఈసారి ఇండియా వచ్చినప్పుడు ముద్ద రకం కొమ్మలు సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా?

జవాబు: పీకనందుకు సంతోషం. పైనంతా చచ్చినా వేరు బతికుంటే ఇది మళ్లీ లేస్తుంది. పైన నిజాంపేట అమ్మాయికి రాసింది చదివావా? కొత్త కొమ్మ మీదే పూత కాబట్టి మీ మంచు మా సంక్రాంతి కత్తి లాంటిదే. కాకపోతే వేరును కాపాడాలి. చలి రాకముందే మొదలు చుట్టూ అడుగు మందాన ఎండాకులు, గడ్డి కప్పు. మాడిన కొమ్మలు వెంటనే కోసెయ్యకు, వసంతంలో చలి పూర్తిగా పోయేదాకా ఉండనీ. మొదలు దగ్గర గోటితో గీకితే పచ్చగా కనబడితే ప్రాణముందన్నట్టే. కనబడకపోయినా మే నెల దాకా ఆగు. డల్లాస్‌లో ఉన్న మీ స్నేహితులు ఎవరైనా అడిగితే, అక్కడ చలి ఇంకా ఎక్కువ కాబట్టి కుండీలోనే పెంచి చలికాలం గ్యారేజీలో పెట్టుకోమను, నీళ్లు బాగా తగ్గించి.

సూట్‌కేసు మాట వద్దు. వేసవి సెలవులకు వచ్చినవాళ్లు ఏటా మా నర్సరీలో తడిగుడ్డలో చుట్టి ఇమ్మంటారు, నేను ఇవ్వను. నాటే మొక్కలు, కొమ్మలు అమెరికాకు తీసుకెళ్లాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కకు పురుగూ తెగులూ లేవని ప్రభుత్వం ఇచ్చే కాగితం, కావాలి. లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. ముద్ద రకం మీ దేశపు నర్సరీల్లోనే వెతుకు. అసలు రేక రకాన్ని అంత చిన్నచూపు ఎందుకు చూస్తున్నావో నాకర్థం కాలేదు. పేరుకు తగ్గ అందం రేకదే.

ప్రశ్న: రాధామనోహరం కొమ్మలు ఇరవై నాటితే ఇరవయ్యీ ఎండిపోయాయి. (ఖమ్మం)

జవాబు: ఎలాంటి కొమ్మ, ఎప్పుడు నాటారో రాయలేదు. ఉత్తరంలో అది రాస్తే సగం జబ్బు తెలిసేది. మా పద్ధతి చెబుతాను, మీరెక్కడ తప్పారో చూసుకోండి.

చివరి లేత కొమ్మ పనికిరాదు, కుళ్లిపోతుంది. చెక్కలా ముదిరిందీ వద్దు, అది నెలలు తీసుకుంటుంది. పెన్సిలంత లావు, వంచితే వంగి విరగబోయే కొమ్మ కావాలి. జానెడు ముక్క, నాలుగు కణుపులు. కింది కోత కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగా, పై కోత అడ్డంగా. ఇలా కోస్తే తలకిందులుగా నాటే ప్రమాదం ఉండదు. నవ్వకండి, ఎండిన కొమ్మల్లో తలకిందులవి చాలానే చూశాను. కింది ఆకులు తీసేసి, పైన రెండు ఆకులుంచి వాటినీ సగానికి కోయాలి. రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. మట్టి అంటే ఎరువు కలిపింది కాదు, సగం ఇసుక, సగం ఎర్రమట్టి. చుట్టూ వేళ్లతో గట్టిగా నొక్కాలి. నీడలో పెట్టి, పైన పాలిథిన్ కవరు గుడారంలా కప్పాలి. మృగశిర నుంచి ఆగస్టు చివరి దాకా మంచి అదను. మీరు ఏప్రిల్‌లో నాటి ఉంటే ఇరవై కాదు, రెండొందలు నాటినా అంతే.

రెండొందలంటే గుర్తొచ్చింది. నాకు పదమూడేళ్లప్పుడు మా నాన్న నాటిన కొమ్మలకు వేళ్లొచ్చాయో లేదో చూడాలని రోజూ బడి నుంచి రాగానే ఒక్కో వరుస పైకి లాగి, చూసి, మళ్లీ గుచ్చేదాన్ని. మడిలో రెండొందల కొమ్మలు. పది రోజుల్లో సగం ఎండాయి. నాన్న ఒక కొమ్మ పీకి చూశాడు. అడుగున తెల్లటి ముద్దలా గట్టి కండ కట్టింది, వేరు రాబోయే చోటది, దాని మీద నా వేళ్ల మట్టి గీతలు. నన్నేమీ అనలేదు. మర్నాడు నా చేతికి కత్తి ఇచ్చి వంద కొత్త కొమ్మలు కోయించాడు, నాటించాడు, మడి చుట్టూ తాడు కట్టాడు.

మీరూ లాగి చూడకండి. పైన చిగురు వచ్చిందని మురిసిపోకండి కూడా, కొమ్మలో దాచుకున్న నీరు, ఆహారంతోనే అది వస్తుంది. ఐదారు వారాలాగి, కవరు తీసి, ఒక ఆకును మెల్లగా పైకి లాగితే కొమ్మ కదలకుండా పట్టి ఉండాలి. అప్పుడు పొద్దుటి ఎండలోకి జరపండి.

ఇవన్నీ ఎందుకనుకుంటే పాత తీగ మొదలు చుట్టూ పారతో పది అంగుళాలు తవ్వి చూడండి. వేరు మీద నుంచి లేచిన పిలకలు నాలుగైనా ఉంటాయి. వేరు ముక్కతో సహా తీసి నాటితే ఖర్చూ లేదు, తిప్పలూ లేవు. నర్సరీకి వేలల్లో కావాలి కాబట్టి మాకు కొమ్మలు, మీకు ఇరవై తీగలతో ఏం పని?